బెంగళూరు మారతహళ్ళిలో మోషన్ టెస్ట్: శాంపిల్ దాకా బాగుంది, రిపోర్ట్ దగ్గరే తంటా

మా ఇంటి దగ్గరి ల్యాబ్ ఇది, పేరు రాయను, ఐదుకి మూడు స్టార్లు. కడప నుంచి వచ్చిన మా మామగారికి ఉబ్బరం, జిగురు విరేచనాలు ఎంతకీ తగ్గకపోతే డాక్టర్ మోషన్ టెస్ట్ రాశారు.

కౌంటర్లో అబ్బాయి తెలుగువాడే. పెద్దాయన సిగ్గుపడుతుంటే నవ్వకుండా, డబ్బాలో మూత్రం గానీ నీళ్ళు గానీ కలవకూడదు సార్, జిగురు ఉన్నచోటి నుంచే తీయండి, వీలైతే అరగంటలో, ఎంత లేటైనా గంటలోపు తెచ్చెయ్యండి అని చెప్పాడు. ఈ టైము సంగతి చాలాచోట్ల చెప్పరు. పల్చటి విరేచనంలో కదిలే అమీబా ఆలస్యమైతే చచ్చిపోతుంది, తర్వాత మైక్రోస్కోప్ కింద ఎంత వెతికినా దొరకడం కష్టం, అందుకే ఈ టెస్టుకి హోమ్ కలెక్షన్ నాకు నచ్చదు, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆ గంట ఏ మూలకి!

ఇక రిపోర్ట్. 'అక్కల్ట్ బ్లడ్ పాజిటివ్' (అంటే కంటికి కనపడని రక్తం మలంలో ఉందని) అని లావు అక్షరాల్లో కొట్టి రాత్రిపూట వాట్సాప్‌లో పడేశారు, మా అత్తగారు టెన్షన్‌తో అన్నం ముట్టలేదు. ఏ పద్ధతిలో చేశారో అందులో లేదు, ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగితే గ్వాయాక్ అన్నారు. ఆ పాత పద్ధతిలో మనం తిన్న మటన్‌లోని రక్తానికి కూడా పాజిటివ్ రావచ్చు, సి విటమిన్ బిళ్ళలు ఎక్కువగా వేసుకుంటే నిజంగా రక్తం పడుతున్నా తెలియకపోవచ్చు. మాంసం కొన్నాళ్ళు మానమని ముందే చెప్పాల్సింది వాళ్ళు, చెప్పలేదు, మామగారేమో ముందురోజే సంగటిలోకి తలకాయ కూర లాగించి ఉన్నారు. ఫిట్ అనే ఇంకో పద్ధతి మనిషి రక్తాన్నే పట్టుకుంటుంది, పథ్యం అక్కర్లేదు. డాక్టర్ అది చేయించమన్నారు, మటన్ వల్లేలే అని మీరే తేల్చేసుకోకండి, ఇదీ పాజిటివ్ అయితే ఆయన వయసుకి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం) చేయాల్సిందే అన్నారు. నెగటివ్ వచ్చింది.

'సిస్టులు కనిపించలేదు' అన్న లైను చూసి సంబరపడేవాళ్ళకి ఒక మాట, అమీబా లాంటివి గట్టి పెంకు కట్టుకున్న రూపాలే ఈ సిస్టులు, అవి ప్రతిరోజూ పడవు, అనుమానం ఉంటే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్ళు చూస్తారు. రెండుమూడు పస్ సెల్స్ (చీము కణాలు) కనిపించగానే యాంటీబయాటిక్ కొనేసుకోవడం ఇంకో పిచ్చి.

డబ్బులు కట్టేటప్పుడు గట్ హెల్త్ ప్యాకేజీ ఒకటి అంటగట్టబోయారు, రంగురంగుల గ్రాఫులతో. వద్దన్నాం. డాక్టర్ అదనంగా రాసింది మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్ ఎంతుందో చూసే టెస్ట్ ఒక్కటే, పేగుల్లో వాపు ఉందా లేక వాపు లేకుండానే పేగులు ఇబ్బందిపెట్టే ఐబీఎస్ లాంటిదా అన్నది తేల్చుకోవడానికి. మామూలుగా గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువట. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా ఆ అంకెని పెంచుతాయి, మోకాళ్ళకి ఏమైనా వేసుకుంటున్నారా అని కౌంటర్ అబ్బాయే అడిగాడు, ఆ మూడో స్టారు అతనికే.

శాంపిల్ ఇవ్వడానికి మళ్ళీ అక్కడికే వెళ్తాను, పద్ధతి ఏంటో ముందే అడిగి. ఆదివారం మధ్యాహ్నం దాకే తీస్తారు, బండి పెట్టుకోవడానికి చోటు లేదు.