రెండు విండోస్‌లు, ఒకటే కంప్యూటర్, కలిసిపోయిన డ్రైవ్ లెటర్లు: డిస్క్ మేనేజ్‌మెంట్ టూల్ మీద నా రివ్యూ

ముందు ఫోటోల సంగతి చెప్తాను, అది జరక్కపోయుంటే విండోస్‌తో పాటే వచ్చే, డిస్కులూ వాటి లెటర్లూ సర్దుకునే ఈ డిస్క్ మేనేజ్‌మెంట్‌ని నేను ఇంత శ్రద్ధగా వాడేవాణ్ణి కాదు, దాని మీద ఇంత రాసేవాణ్ణీ కాదు.

నా సిస్టమ్‌లో పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ 10 ఉంది, తర్వాత కొన్న ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 వేసుకున్నా, ఇవి కాకుండా ఫోటోలు ఉండే పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) ఒకటి, వాటి బ్యాకప్‌కి ఇంకో పార్టిషన్. విండోస్ 10లో ఫోటోల డ్రైవ్ లెటర్ డీ, బ్యాకప్‌ది ఈ. డీలో ఉన్నది ఉన్నట్టు ఈలోకి వెళ్ళేలా రోబోకాపీ అనే విండోస్ కాపీ కమాండ్‌తో చిన్న బ్యాచ్ ఫైల్ (కమాండ్లని వరసగా నడిపే ఫైల్) రాసుకున్నా, అందులో మిర్రర్ ఆప్షన్ పెట్టా. మిర్రర్ అంటే కాపీ చేసి ఊరుకోదండీ, సోర్స్‌లో లేని ఫైల్ అవతల ఏదైనా ఉంటే దాన్ని తీసేస్తుంది కూడా. చాలా నెలలు చక్కగా పనిచేసింది. ఒకరోజు అదే బ్యాచ్ ఫైల్‌ని విండోస్ 11 డెస్క్‌టాప్ మీద పెట్టుకుని డబుల్ క్లిక్ చేసా. అక్కడ డీ అంటే బ్యాకప్, ఈ అంటే ఫోటోలు. అంటే మూడు వారాల పాత బ్యాకప్‌ని తెచ్చి అసలు ఫోటోల మీద రుద్దేసింది, ఆ మూడు వారాల్లో తీసిన కొత్తవన్నీ పోయాయి. ఫోన్‌లో మిగిలినవి కొన్ని దొరికాయి, మా పాప మొదటిసారి సైకిల్ తొక్కిన రోజు తీసినవి మాత్రం దొరకలేదు. ఇప్పటికీ బాధే.

రోబోకాపీ తప్పేం లేదు, చెప్పింది చేసింది. నాకు తెలియంది ఒక్కటే, డ్రైవ్ లెటర్ అనేది డిస్క్ మీద ఎక్కడా రాసి ఉండదు అని. మనం డీ డ్రైవ్, ఈ డ్రైవ్ అని పిలుస్తుంటాం కదా, అది ఆ పార్టిషన్ అసలు పేరు కాదు, ఆ విండోస్ దానికి పెట్టుకున్న ముద్దు పేరు. ఒకే పిల్లాణ్ణి అమ్మమ్మగారింట్లో చిన్నా అని, నాయనమ్మగారింట్లో బుజ్జి అని పిలిచినట్టు, ఒకే పార్టిషన్‌ని ఒక విండోస్ డీ అంటుంది, ఇంకోటి ఈ అంటుంది. రెండూ కరెక్టే, ఎవరిళ్ళల్లో వాళ్ళు.

ఆ పేర్ల జాబితా ఉండేది రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు రాసుకునే చోటు), హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, దాని కింద మౌంటెడ్ డివైసెస్ అని ఒక కీ ఉంటుంది, అక్కడ. పార్టిషన్ల పట్టికని పాత పద్ధతిలో రాసుకునే ఎంబీఆర్ డిస్క్ అయితే డిస్క్ సిగ్నేచర్ (ఆ డిస్క్ గుర్తింపు నంబర్), పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో ఆ లెక్క, రెండూ కలిపి 12 బైట్లుగా రాసుకుంటుంది. కొత్త పద్ధతిలో ఉండే జీపీటీ డిస్క్ అయితే ఆ పార్టిషన్‌కి ఉండే 16 బైట్ల జీయూఐడీ అనే గుర్తింపు సంఖ్యని గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో విండోస్‌కి దాని రిజిస్ట్రీ దానిదే కాబట్టి ఇక్కడ లెటర్ మారిస్తే అక్కడ ఏమీ మారదు. అందుకే డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు) ఉన్నవాళ్ళు ఈ పని రెండుసార్లు చెయ్యాలి, ఒక్కో విండోస్‌లోకి వెళ్ళి విడివిడిగా. చాలామంది ఒక దాంట్లో సెట్ చేసి, రెండోదాంట్లో మళ్ళీ పాత లెటర్లే కనిపిస్తే సేవ్ అవ్వలేదేమో అనుకుంటారు. సేవ్ అయింది, మీరు చూస్తున్నదే వేరే పుస్తకం.

ఇక టూల్ విషయానికి వస్తా. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ అని కనిపిస్తుంది. పైన వాల్యూమ్‌ల (ఫార్మాట్ చేసిన పార్టిషన్ల) లిస్టు, కింద డిస్కులు పట్టీల్లాగా గీసి ఉంటాయి. విండోస్ 2000 రోజుల నుంచీ దాదాపు ఇదే రూపం, చూడ్డానికి పాతదే, కానీ డ్యూయల్ బూట్ వాళ్ళకి ఇంతకన్నా స్పష్టమైన బొమ్మ వేరే అక్కర్లేదని నా అభిప్రాయం. ఏ డిస్క్ మీద ఏ పార్టిషన్ ఏ వరసలో ఉందో, ఎంత సైజో ఒక్క చూపులో తెలుస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనపడని పార్టిషన్లు కూడా ఇక్కడ కనిపిస్తాయి, లెటర్ లేనివి, బూట్ ఫైళ్ళుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్, రికవరీ పార్టిషన్ అన్నీ. "నా డ్రైవ్ మాయమైంది" అనేవాళ్ళు ముందు చూడాల్సింది ఇక్కడే, ఎక్కువసార్లు డ్రైవ్ ఎక్కడికీ పోదు, దానికి లెటర్ లేదంతే.

లెటర్ మార్చడం తేలిక. పార్టిషన్ మీద రైట్ క్లిక్, ఛేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్, ఛేంజ్, కొత్త లెటర్, ఓకే. కొన్ని ప్రోగ్రామ్‌లు సరిగా పనిచెయ్యకపోవచ్చు అని ఒక హెచ్చరిక ఇస్తుంది, దాన్ని చదవకుండా ఎస్ కొట్టకండి, ఆ డ్రైవ్ మీద ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసుంటే షార్ట్‌కట్లూ సెట్టింగ్‌లూ అన్నీ పాత లెటర్‌నే వెతుకుతాయి. ఫోటోలు, సినిమాలు, డాక్యుమెంట్లు మాత్రమే ఉన్న డ్రైవ్ అయితే భయం లేదు. లోపలి ఫైళ్ళని ఇది ముట్టుకోదు, పేరు మాత్రమే మారుతుంది.

డీని ఈ చేసి ఈని డీ చెయ్యాలంటే ఒకేసారి కుదరదు, ఎందుకంటే లిస్టులో ఖాళీగా ఉన్న లెటర్లే చూపిస్తుంది. ముందు ఈని టీ చేసా, తర్వాత డీని ఈ చేసా, తర్వాత టీని డీ చేసా. రెండు నిమిషాలు. నిజానికి ఇప్పుడు నేను డీ, ఈ వాడటమే మానేసాను. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు విండోస్ దానికి ముందు వరసలో ఖాళీగా ఉన్న లెటర్ ఇస్తుంది కాబట్టి మొదటి లెటర్లు ఎప్పుడూ రద్దీగానే ఉంటాయి. ఫోటోలకి పీ, బ్యాకప్‌కి బీ ఇద్దామనుకున్నా, కానీ ఏ, బీ అనేవి పాత డాస్ రోజుల నుంచి ఫ్లాపీల కోసం ఉంచినవి, ఇప్పుడు ఇవ్వొచ్చు గానీ ఎందుకులే అని క్యూ ఇచ్చా. రెండు విండోస్‌లలోనూ పీ, క్యూ. ఆ రోజు నుంచి బ్యాచ్ ఫైల్ ఎక్కడ నడిపినా ఒకే చోటికి వెళ్తోంది.

ఇంకో పని కూడా చేసా, ఇది లెటర్ కన్నా ముఖ్యం అంటాను. వాల్యూమ్ లేబుల్ పెట్టడం. లేబుల్ ఆ పార్టిషన్ లోపలే రాసి ఉంటుంది కాబట్టి ఏ విండోస్ నుంచి చూసినా, లినక్స్ నుంచి చూసినా అదే పేరు. చాలా సిస్టమ్‌ల్లో అన్నిటికీ లోకల్ డిస్క్ అనే ఉంటుంది, లేబుల్ ఏమీ లేకపోతే అలా చూపిస్తుంది. రైట్ క్లిక్ చేసి రీనేమ్ కొట్టి "పాత విండోస్", "కొత్త విండోస్", "ఫోటోలు", "బ్యాకప్" అని పెట్టేయండి. బ్యాచ్ ఫైల్‌లో కూడా ముందు లేబుల్ చూసి సరిపోతేనే కాపీ మొదలయ్యేలా రాసుకున్నా ఇప్పుడు.

ఈ టూల్ ఆగిపోయే చోటు ఒకటుంది. విండోస్ నడుస్తున్న పార్టిషన్ లెటర్‌ని ఇది మార్చనివ్వదు. పేజ్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) పెట్టిన పార్టిషన్‌ది కూడా అంతే, ముందు పేజ్ ఫైల్‌ని అక్కణ్ణుంచి తీసి రీస్టార్ట్ చెయ్యాలి. కొంతమందికి కొత్తగా వేసిన విండోస్ తన గురించి తాను డీ అనో ఎఫ్ అనో చెప్పుకుంటుంది, ముఖ్యంగా ఎక్స్‌పీ కాలంలో ఇది బాగా జరిగేది, ఇన్‌స్టాల్ చేసేటప్పటికే మిగతా లెటర్లు వాడకంలో ఉంటే మిగిలిన లెటర్ తీసుకుని అదే శాశ్వతం చేసుకునేది. అలాంటి విండోస్‌ని బలవంతంగా సీ చెయ్యాలని చూడకండి, రిజిస్ట్రీ నిండా డీ అనే దారులే ఉంటాయి, లెటర్ మార్చారంటే బూట్ అయ్యాక తన ఫైళ్ళు తనకే దొరకవు. బాగా పనిచేస్తుంటే అలాగే ఉంచుకోండి, లేదంటే ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి మళ్ళీ శుభ్రంగా వేసుకోండి. మార్చనివ్వకపోవడం ఈ టూల్ లోపం అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను, అది మనల్ని కాపాడుతోంది.

కానీ నిజంగా మార్చాల్సిన సందర్భం ఒకటుంది, నాకు అదీ ఎదురైంది. పాత హార్డ్ డిస్క్‌ని ఇంకో ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసా, అంటే ఉన్నది ఉన్నట్టు కాపీ చేసా, ఏ సాఫ్ట్‌వేరో చెప్పను, పని పూర్తయ్యాక పాత డిస్క్ పీకి బూట్ చెయ్యమని అది నాకు చెప్పలేదు. రెండూ తగిలించే ఉంచి క్లోన్ నుంచి బూట్ చేసా. లాగిన్ అయింది, ఆ తర్వాత ఖాళీ స్క్రీన్, ఎంతసేపు చూసినా డెస్క్‌టాప్ రాదు. ఏం జరిగిందంటే, క్లోన్ లోపలి రిజిస్ట్రీలో సీ అంటే పాత డిస్క్ గుర్తులే రాసి ఉన్నాయి, పాత డిస్క్ కళ్ళముందే ఉంది కాబట్టి సీ దానికి వెళ్ళిపోయింది, క్లోన్‌కి వేరే లెటర్ వచ్చింది. అలా ఒక డిస్క్ మీద బూట్ అయి ఇంకో డిస్క్ మీద ఫైళ్ళు వెతుక్కుంటోంది.

ఇలాంటప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచే అవకాశమే ఉండదు. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి స్క్రీన్‌లో షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే కమాండ్ విండో వస్తుంది, అందులో రెజ్‌ఎడిట్ (రిజిస్ట్రీని మార్చే ప్రోగ్రామ్) అని కొట్టి, హెచ్‌కీ లోకల్ మెషీన్‌ని సెలెక్ట్ చేసి, ఫైల్ మెనూలో లోడ్ హైవ్ (హైవ్ అంటే రిజిస్ట్రీలో ఒక భాగం ఉండే ఫైల్) నొక్కి, క్లోన్ మీదున్న విండోస్ ఫోల్డర్, సిస్టమ్32, కాన్ఫిగ్ లోపల సిస్టమ్ అనే ఫైల్‌ని తెరవాలి. తెరిచేముందు ఆ ఫైల్‌ని ఇంకోచోట కాపీ పెట్టుకోవడం తప్పనిసరి. దానికేదో ఒక పేరివ్వమంటుంది, ఇవ్వండి. అప్పుడు మౌంటెడ్ డివైసెస్‌లో డాస్‌డివైసెస్ అని మొదలయ్యే సీ, డీ ఎంట్రీలు కనిపిస్తాయి. నేను ఆ లెటర్ ఎంట్రీలన్నీ తీసేసి, అన్‌లోడ్ హైవ్ కొట్టి, మెషీన్ ఆపేసి, పాత డిస్క్ కేబుల్ తీసి, అప్పుడు బూట్ చేసా. విండోస్ జాబితాని మళ్ళీ మొదటి నుంచి రాసుకుంది, తనకి తాను సీ ఇచ్చుకుంది. వచ్చిన ఆ డెస్క్‌టాప్ చూసినప్పటి ఊరట చెప్పలేను.

ఆ పెన్‌డ్రైవ్ వాతావరణంలో ఒక ప్రమాదం ఉంది, అక్కడి లెటర్లు మీ రెండు విండోస్‌లలో దేనివీ కావు. అది మూడో విండోస్, మెమరీలో నడుస్తుంది, తనకి ఎక్స్ అని పెట్టుకుంటుంది, మిగతావాటికి తన వరసలో ఇచ్చుకుంటూ పోతుంది. మీరు సీ అనుకునేది అక్కడ డీ అవ్వచ్చు. చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే కమాండ్) గానీ ఫార్మాట్ గానీ కొట్టేముందు డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్ తెరిచి లిస్ట్ వాల్యూమ్ అనండి, లేబుల్, సైజు చూసుకోండి. లేబుల్ పెట్టుకోమని అంత గట్టిగా చెప్పింది అందుకే.

డిస్క్‌పార్ట్ గురించి కూడా కొంచెం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చేసేదంతా ఇందులో టైప్ చేసి చెయ్యొచ్చు, సెలెక్ట్ వాల్యూమ్, అసైన్ లెటర్, రిమూవ్ లెటర్ అంటూ. ఒక్కోసారి డిస్క్ మేనేజ్‌మెంట్ తెర మీద పాత సమాచారమే ఉండిపోతుంది, రీస్కాన్ డిస్క్స్ కొడితే సర్దుకుంటుంది. డిస్క్‌పార్ట్ శక్తివంతమైనది, కానీ అందులో క్లీన్ అనే కమాండ్ ఉంది, అది సెలెక్ట్ చేసిన డిస్క్ మీది పార్టిషన్ల సమాచారం మొత్తం తీసేస్తుంది, నిజంగా చేయనా అని కూడా అడగదు. కొత్తవాళ్ళకి నేను డిస్క్ మేనేజ్‌మెంటే చెప్తాను.

లినక్స్‌తో డ్యూయల్ బూట్ అయితే సమస్య వేరు. లినక్స్‌కి లెటర్లే లేవు, ఒక్కో పార్టిషన్‌ని దాని యూయూఐడీ అనే గుర్తింపుతో ఒక ఫోల్డర్‌కి మౌంట్ చేసుకుంటుంది (తగిలించుకుంటుంది), కాబట్టి అటువైపు గొడవ లేదు. ఇటువైపే, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌ని విండోస్ మామూలుగా చదవలేదు, దానికి ఏ కారణంగానైనా లెటర్ వచ్చిందంటే క్లిక్ చేయగానే "ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి" అని అడుగుతుంది. దయచేసి ఓకే కొట్టకండి, అక్కడ ఉన్నది మీ లినక్స్. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్ లెటర్‌ని రిమూవ్ చేస్తే చాలు, ఇంక ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు, ఇంట్లో ఎవరూ పొరపాటున నొక్కరు. నేను ఇదే పద్ధతిలో విండోస్ 11 నుంచి పాత విండోస్ పార్టిషన్‌ని, విండోస్ 10 నుంచి కొత్తదాన్ని దాచేసా. ఒకదాని ఫైళ్ళు ఇంకోదాని నుంచి కదిపే అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మాత్రం ఇవన్నీ చేసినా తలనొప్పి పోదు. అది షట్‌డౌన్‌ని సగం హైబర్నేట్‌లా (ఉన్న స్థితిని డిస్క్ మీద దాచుకుని ఆగినట్టు) చేస్తుంది, ఒక విండోస్ ఇంకా తెరిచే ఉంచుకున్న పార్టిషన్ మీద ఇంకో సిస్టమ్ రాస్తే ఫైళ్ళు దెబ్బతింటాయి, లినక్స్ అయితే సాధారణంగా ఆ పార్టిషన్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో రెండు విండోస్‌లలోనూ తీసేసా.

రేటింగ్ అడిగితే, డేటా డ్రైవ్‌ల లెటర్లు సర్దుకోవడానికి డిస్క్ మేనేజ్‌మెంట్‌కి 5కి 4 ఇస్తా. ఒకటి తగ్గించింది దేనికంటే, ఇక్కడ మార్చిన లెటర్ ఈ విండోస్‌కి మాత్రమే వర్తిస్తుంది అనే ఒక్క వాక్యం ఆ హెచ్చరిక బాక్స్‌లో లేదు, అది ఉండుంటే ఆ సైకిల్ ఫోటోలు ఇవాళ నా దగ్గర ఉండేవి.