స్క్రూ లేని బ్రిడ్జ్‌తో ఏడేళ్ళు

ముందే చెప్పేస్తాను, నా దగ్గరున్నది జర్మనీ కంపెనీ హాఫ్నర్ చేసిన అసలు బేస్ కాదు. ఆ నమూనా చూసి వేరే కంపెనీ చేసిన వయొలిన్ బేస్, అంటే వయొలిన్ ఆకారంలో ఉండే బేస్ గిటార్. ఏడేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. కింద దాన్ని కాసేపు తిట్టబోతున్నాను, ఆ తిట్లలో సగం నాకే చెందుతాయి.

దీన్ని నేను వదలకపోవడానికి కారణం ఒక్కటే. దీని మోత తొందరగా ఆగిపోతుంది.

బేస్ కొనడానికి వెళ్ళిన ప్రతివాడూ ఒక తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఎంతసేపు మోగుతుందో చూస్తాడు. నేనూ అలా చూసే పాత బేస్ కొన్నాను. నిండు చెక్క, నాలుగు కిలోల పైచిలుకు బరువు, మీటితే టీ తాగి వచ్చేదాకా మోగుతుంది. కానీ నేను వాయించేది ఎక్కడ? మా చర్చిలో. అక్కడ డ్రమ్ సెట్ లేదు. ఢోలక్, తబలా, ఒక కీబోర్డు, అంతే. ఢోలక్ ఎడమ వైపు ‘గుమ్’ అని జారే మోత, నా బేస్ మోత రెండూ ఒకే చోటికి వచ్చి కొట్టుకునేవి. నా స్వరం అయిపోయేలోపే ఢోలక్ దెబ్బ పడేది. వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళకి రెండూ కలిసి ముద్దలా వినబడేవి. అరచేతి అంచుతో తీగల్ని నొక్కిపట్టి వాయించీ వాయించీ నా మణికట్టు పట్టేసేది.

వయొలిన్ బేస్ ‘దుమ్’ అని ఒక దెబ్బ వేసి తప్పుకుంటుంది. ఢోలక్‌కి దారి ఇస్తుంది. మొదటి ఆదివారమే ఢోలక్ వాయించే తమ్ముడు వెనక్కి తిరిగి చూసి తలూపాడు. అతను మామూలుగా ఎవరినీ మెచ్చుకోడు.

ఇలా ఎందుకు మోగుతుందో తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. మామూలు బేస్‌లో బ్రిడ్జ్ అంటే తీగల్ని ఒంటి మీద ఎత్తి పట్టే లోహపు ముక్క, నిండు చెక్కలోకి స్క్రూలతో దిగేసి ఉంటుంది. మీటిన ఊపు చాలాసేపు తీగలోనే ఉండిపోతుంది. దీని ఒళ్ళు లోపల డొల్ల. పైన పలచటి పలక, దాని మీద చిన్న చెక్క బ్రిడ్జ్. దానికి స్క్రూ లేదు, జిగురు లేదు. తీగల బరువే దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. తీగ ఊపు బ్రిడ్జ్ కాళ్ళ గుండా పలకలోకి దిగితే, పలక దాన్ని గాల్లోకి వదిలేస్తుంది. అందుకే ముందు బలమైన దెబ్బ, ఆ తర్వాత ఖాళీ. దీనికి తోడు పైచుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే వేలు జరిపినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు కూడా పోతుంది.

ఇది వయొలిన్ చేసేవాళ్ళ పద్ధతే. 1887లో కార్ల్ హాఫ్నర్ బొహీమియాలోని (ఇప్పటి చెక్ రిపబ్లిక్) షోన్‌బాఖ్‌లో మొదలుపెట్టింది వాద్యాల కార్ఖానా, అది వయొలిన్లు చేసే ఊరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి జర్మన్లని వెళ్ళగొడితే ఆ కుటుంబం బవేరియాకి వచ్చి స్థిరపడింది. ఆయన కొడుకు వాల్టర్ 1955లో ఈ బేస్‌కి రూపం ఇచ్చాడు, మరుసటి ఏడాది అది బజారులోకి వచ్చింది. చేతికి వచ్చిన విద్యనే కరెంటు వాద్యానికి వాడారు. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ సుమారు 30 పౌండ్లకి ఒకటి కొనుక్కున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే ఆకారం కాబట్టి తిరగేసి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడదు. ఆ బేస్‌ని 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి ఎవరో ఎత్తుకుపోయారు. యాభై ఏళ్ళు దాటాక ఒక ఇంటి అటక మీద దొరికింది, తిరిగి ఆయన చేతికి చేరినట్టు 2024లో ప్రకటించారు. మళ్ళీ వాయించాలంటే రిపేరు చేయాలని అందులోనే చెప్పారు. నేనేమీ ఆశ్చర్యపోలేదు. నాది అటక ఎక్కకుండానే ఏం చేసిందో చెబుతాను.

కొన్న ఏడాదే, క్రిస్మస్‌కి ముందు వారం. సాయంత్రం చర్చిలో క్యాండిల్ లైట్ సర్వీస్. పండగ కదా, కొత్త తీగలు వేద్దామని మధ్యాహ్నం భోంచేసి మంచం మీద కూర్చుని నాలుగు తీగలూ ఒక్కసారే వదులు చేయడం మొదలుపెట్టాను. పాత బేస్‌కి ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. మూడు తీగల దాకా ఏమీ కాలేదు. నాలుగోది వదులవగానే బ్రిడ్జ్ టప్పున పక్కకి పడి, మంచం అంచు మీంచి జారి, గచ్చు మీద దొర్లి బీరువా కిందకి పోయింది. గిటారే విరిగిందనుకుని నాకు నోట మాట రాలేదు. చీపురుపుల్లతో లాగితే బ్రిడ్జ్ వచ్చింది కానీ, దాని మీది గాడుల్లో ఉండే చిన్న లోహపు ముక్కల్లో ఒకటి లేదు. మా చిన్నది ఫోన్ లైట్ వేసుకుని పావుగంట వెతికి పట్టుకుంది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. బ్రిడ్జ్ ఎక్కడ నిలబెట్టాలి? పాలిష్ మీద లీలగా ఒక గీత కనబడింది. పాత చోటు ఇదే అనుకుని అక్కడే పెట్టి, తీగలు బిగించి, శ్రుతి చూపించే ట్యూనర్ తగిలించాను. నాలుగూ పచ్చగా వెలిగాయి. హమ్మయ్య అనుకున్నాను.

మొదటి రెండు పాటలు కింది ఫ్రెట్లలోనే, అంటే తల వైపున్న అడ్డ గీతల దగ్గరే, అయిపోయాయి. మూడోది క్వయర్లో పెద్దావిడ పాట. ఆవిడ మా అందరికీ పిన్నిగారే. ఆవిడ గొంతుకి తగ్గట్టు కీబోర్డు అబ్బాయి స్కేల్ మార్చాడు, నేను ఏడో ఫ్రెట్ దాటి పైకి పోవాల్సి వచ్చింది. పైకి వెళ్ళేకొద్దీ శ్రుతి ఏదో పులుస్తోంది. పల్లవికి కొంచెం, చరణంలో ఇంకొంచెం. కీబోర్డు అబ్బాయి ట్రాన్స్‌పోజ్ బటన్ వంక రెండుసార్లు చూసి, నా వైపు వంగి, ‘‘అన్నా, ఏ స్కేల్లో వాయిస్తున్నావ్?’’ అన్నాడు. నేను ట్యూనర్ చూశాను. పచ్చ లైటే. ఆ పచ్చ లైటు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిన్నిగారు తన శ్రుతే తప్పిందనుకున్నారు. గొంతు తగ్గించారు. రెండో చరణం అయ్యాక ఆగిపోయారు. అయ్యగారు సంగతి గ్రహించి సంఘమంతటి చేతా పల్లవి పాడించి ఆ పాట ముగించారు. బయట కొవ్వొత్తులు ఆర్పుతుంటే ఆవిడే నా దగ్గరికి వచ్చి, ‘‘ఈమధ్య గొంతు సహకరించట్లేదు బాబూ’’ అన్నారు. అప్పటికే నాకు సగం అనుమానం ఉంది, తేడా నా వైపే అని. అయినా నోరు విప్పలేదు. జనవరిలో వెళ్ళి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ‘‘మరి ఆ రాత్రే చెప్పొచ్చుగా’’ అన్నారు.

రోగం కుదిర్చింది గిటార్ షాపువాళ్ళు కాదు. మాది విజయనగరం, ద్వారం వేంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. వయొలిన్ మాస్టారు కోసం ఇక్కడ ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేదు, మా వీధి చివరే ఒకరున్నారు. నా బేస్‌ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘తీగలన్నీ ఒకేసారి ఎవడు విప్పమన్నాడయ్యా నిన్ను?’’ అన్నారు. వయొలిన్ బ్రిడ్జ్‌కీ స్క్రూ ఉండదుగా. ఒక తీగ తీసి, దాని చోట కొత్తది బిగించాకే రెండోదాని మీద చెయ్యి వేయాలి. తీగ బిగించే కొద్దీ బ్రిడ్జ్ తల మెడ వైపు వాలుతుంది, మధ్యమధ్యలో దాన్ని నిటారుగా సర్దుతూ ఉండాలి. కాళ్ళు పలకకి పూర్తిగా ఆనాయో లేదో వెలుగుకి ఎదురుగా పెట్టి చూడాలి. బేస్ గిటార్ ముట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి.

మిగతాది నేను కొలుచుకున్నాను. నా బ్రిడ్జ్ ఉండాల్సిన చోటుకి సెంటీమీటరు ముందుకి, అంటే మెడ వైపు ఉంది. ఈ బేస్‌లో మోగే తీగ పొడవు 30 అంగుళాలు, సుమారు 76 సెంటీమీటర్లు. అందులో ఒక సెంటీమీటరు తగ్గితే పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం, సెమిటోన్‌లో (పక్కపక్క ఫ్రెట్ల మధ్య తేడాలో) దాదాపు పావు వంతు పైకి పోతుంది. నొక్కకుండా మీటితే ఏ తేడా తెలియదు, ట్యూనర్ పట్టుకోలేదు. ఐదో ఫ్రెట్ దగ్గర కూడా చెవి సర్దుకుపోతుంది. అక్కణ్ణుంచి పరువు తీస్తుంది. పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఊరికే తాకించి హార్మోనిక్ ఒకసారి, గట్టిగా నొక్కి ఒకసారి మీటి చూడండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే బ్రిడ్జ్‌ని వెనక్కి జరపాలి, తక్కువగా ఉంటే ముందుకి. లావు తీగ వైపు కాలు కొంచెం వెనగ్గా ఉంటుంది, అలా వంకరగా కనబడితే కంగారు పడకండి. నేను నమ్ముకున్న ఆ గీత, పాత యజమాని దేనికో ఆనించినప్పుడు పడ్డ గీతట. ఫోన్ చేస్తే చెప్పాడు.

సరైన చోటు దొరికాక మా ఆవిడ బొట్టుబిళ్ళల అట్ట నుంచి నాలుగు చిన్న బిళ్ళలు తీసి బ్రిడ్జ్ కాళ్ళకి నాలుగు మూలలా అంటించాను. పెన్సిల్ గీత పాలిష్ మీద నిలవదు, టేపు ఊడదీస్తే జిగురు మిగిలిపోతుంది. బొట్టుబిళ్ళకి ఆ బాధ లేదు. చర్చిలో గిటార్‌కి బొట్టేమిటని ఒకరిద్దరు అడిగారు. ఈ కథంతా చెప్పాల్సి వస్తుందని నవ్వి ఊరుకున్నాను.

ఇక పైన చెప్పిన పొగడ్తల్లో కొంత వెనక్కి తీసుకోవాలి. మోత తొందరగా ఆగిపోవడం ఢోలక్ పాటలకి వరమే. నెమ్మదిగా సాగే ఆరాధన పాటల్లో కీబోర్డు అబ్బాయి నాలుగు మాత్రల పాటు ఒకే కార్డు పట్టి ఉంచుతాడు. అప్పుడు నా స్వరం రెండో మాత్రకే ఆవిరైపోయి, కింద ఎవరూ లేనట్టు బోసిగా ఉంటుంది. రెండుసార్లు మీటొచ్చు, కానీ పాట అది అడగదు. అలాంటి పాటలు ఎక్కువున్న రోజు ఇప్పటికీ పాత బేస్ మోసుకెళ్తాను. మెకార్ట్‌నీ అంతటివాడే 1965 నుంచి స్టూడియోలో చాలా పాటలకి నిండు చెక్క రికెన్‌బ్యాకర్ బేస్ వాడాడు. మళ్ళీ 1969 జనవరిలో లండన్ మేడ మీద బీటిల్స్ కచేరీలో వాయించింది మాత్రం ఈ వయొలిన్ బేసే.

ఆంప్‌కి (మోత పెంచే పెట్టెకి) ఎదురుగా నిలబడి వాల్యూమ్ పెంచితే డొల్ల ఒళ్ళు ఊళ పెడుతుంది. ఒకసారి పెళ్ళి ఆర్కెస్ట్రాకి తీసుకెళ్ళి, పెద్ద స్పీకర్ల పక్కన నానా అవస్థా పడ్డాను. మళ్ళీ తీసుకెళ్ళలేదు. వానాకాలం మా వైపు గాలిలో తేమకి పలక కాస్త ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. బ్రిడ్జ్ ఎత్తు తగ్గించే చిన్న మరలు రెండున్నాయి, జూలైలో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి తిప్పుతాను. తీగలు కొనేటప్పుడు కూడా తొందరపడకండి. పొడవు తక్కువ బేస్ కదా అని షార్ట్ స్కేల్ సెట్ ఆర్డర్ పెట్టేసి ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నాను. తీగ తగిలించే చోటు బ్రిడ్జ్‌కి చాలా వెనక ఉంటుంది, ఆ దూరం కూడా కలిపి కొలవాలి. ఫ్లాట్‌వౌండ్ ఖరీదు ఎక్కువే, కానీ ఏళ్ళ తరబడి మార్చక్కర్లేదు. మార్చే ధైర్యం నాకు ఎలాగూ లేదు.

స్విచ్‌ల గురించి అడగొద్దు. వాల్యూమ్ నాబ్‌లు రెండు, స్విచ్‌లు మూడు, వాటి మీద రాసిన పేర్లకీ అవి చేసే పనికీ పొంతన కుదరడానికి నాకు ఆరు నెలలు పట్టింది. నాకు నచ్చిన చోట వదిలేశాను, ఇంక ముట్టుకోను.

అనుకోకుండా కలిసొచ్చింది ఒకటుంది. డొల్ల కావడం వల్ల ఆంప్ లేకుండానే గదిలో నాకు వినబడేంత మోగుతుంది. పిల్లలు పడుకున్నాక, పదిన్నరకి, వంటింట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వచ్చే ఆదివారం పాటలు వాయించుకుంటాను. పాత బేస్‌తో అయితే తీగల టిక్కుటిక్కు తప్ప ఏమీ వినబడేది కాదు. ఇక బరువు సంగతి, పాతదానిలో సగానికి కాస్త ఎక్కువ. నలభై దాటిన నా ఎడమ భుజానికి అదొక్కటే చాలు. ఒళ్ళు మరీ తేలిక కాబట్టి చెయ్యి వదిలితే తల కిందకి వాలుతుంది, లోపల గరుగ్గా ఉండే వెడల్పు తోలు పట్టీ వేస్తే ఆగుతుంది.

కొనమంటానా? నాలాగా ఢోలక్ పక్కన, చిన్న హాల్లో, కూర్చునో నిలబడో రెండు గంటలు వాయించేవాళ్ళయితే, ఇంట్లో అప్పటికే ఇంకో బేస్ ఉంటే, కొనండి. ఇదే మొదటి బేస్ అయితే కాస్త ఆగండి. రాక్ వాయించేవాళ్ళకి, బొటనవేలితో స్లాప్ కొట్టేవాళ్ళకి ఇది పనికిరాదు. ఆ ఆకారం చూసి మనసు పారేసుకున్నవాళ్ళకి నేను ఏం చెప్పినా వినబడదు, నాకూ అప్పుడు వినబడలేదు.

పోయిన వారం చూస్తే జి తీగ వైపు బొట్టుబిళ్ళ ఒకటి ఊడిపోయింది. బ్రిడ్జ్ కదల్లేదు, పన్నెండో ఫ్రెట్ దగ్గర చూశాను. వచ్చే ఆదివారం మళ్ళీ పిన్నిగారి పాట ఉంది, అదే స్కేల్లో. కొత్త బిళ్ళ అంటించేశాను. జి తీగ తుప్పు పట్టింది, అది మాత్రం ఆదివారం అయ్యాకే మారుస్తాను.