మెకానెల్, రాండ్ పాల్: ఒకే కెంటకీ, రెండు దారులు

ఇద్దరూ అమెరికాలోని కెంటకీ రాష్ట్రం నుంచి గెలిచిన రిపబ్లికన్ సెనేటర్లే, ఆలోచనలకు మాత్రం పొంతన తక్కువ. 1984లో గెలిచిన మిచ్ మెకానెల్ పార్టీని ఏళ్ల తరబడి నడిపించిన మనిషి. 2010లో గెలిచిన రాండ్ పాల్ కంటి డాక్టరు. సొంత పార్టీకే అడ్డం తిరుగుతారు. 2022 మేలో ఉక్రెయిన్‌కు దాదాపు 4,000 కోట్ల డాలర్ల సాయం త్వరగా తేల్చేద్దామని మెకానెల్ అంటే, పాల్ ఒక్కరే వారం పాటు ఆపారు.

టీకాల దగ్గరే అసలు విచిత్రం. రెండేళ్ల వయసులో పోలియో సోకిన మెకానెల్, 2025లో టీకాలను అనుమానించే రాబర్ట్ కెనడీ జూనియర్‌ను ఆరోగ్య మంత్రిని చేయొద్దని ఓటేశారు, రిపబ్లికన్లలో ఆయనొక్కరే. డాక్టరైన పాల్ మాత్రం సై అన్నారు!

కెనడాపై సుంకాల విషయంలో ఇద్దరూ ట్రంప్‌ను కాదన్నారు. కెంటకీ బర్బన్ విస్కీ కెనడాలో అమ్ముడుపోవాలి కదా మరి.