సెల్మా సేఫేనా అని అడిగినవాళ్ళకి: అలబామాలో మూడు రోజులు

1965లో నల్లవాళ్ళు ఓటు కోసం నడిచి దెబ్బలు తిన్న అలబామా ఊరు సెల్మాకి వెళ్తున్నాం అనగానే డాలస్‌లో ఉండే మా చిన్నన్నయ్య అడిగిన మొదటి మాట, "అక్కడేముందే? ఏరియా సేఫేనా?" అని. ఈ సేఫ్ అనే మాటకి మనవాళ్ళలో అర్థమేంటో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఇల్లు కొనేటప్పుడైనా, రాత్రిపూట గ్యాస్ కొట్టించుకునేటప్పుడైనా, ఏరియా సేఫ్ కాదు అంటే అక్కడ నల్లవాళ్ళు ఎక్కువని. నేనూ అన్నదాన్నే. పదకొండేళ్ళుగా అట్లాంటాలో ఉంటూ, పాప స్కూల్ ప్రాజెక్ట్ కోసం ఈ చరిత్ర గురించి ఏదో అడిగితే నేనూ మావారూ మొహాలు చూసుకున్నాం, అందుకే ఈ ట్రిప్.

అట్లాంటా నుంచి మాంట్‌గోమరీకి ఐ-85 మీద రెండున్నర గంటలు. అలబామాలో అడుగుపెట్టగానే టైమ్ గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరితే రోజంతా చేతిలో ఉంటుంది. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మ్యూజియాలు మూసేసి ఉంటాయి. లాయర్ బ్రయాన్ స్టీవెన్సన్ పెట్టిన ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ వాళ్ళ మ్యూజియం, స్మారకం, నది ఒడ్డున శిల్పాల పార్కు, మూడింటికీ కలిపి మనిషికి 5 డాలర్లే తీసుకున్నారు, అటూ ఇటూ తిప్పే షటిల్ ఫ్రీ. ఇంత తక్కువకి ఇంత పద్ధతిగా నడిచే చోటు ఈ దేశంలో నేను ఇంకోటి చూడలేదు.

లెగసీ మ్యూజియం ముందు చూడండి, స్మారకం తర్వాత. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, అదే మంచిదయింది. బానిసల చేత పని చేయించిన పత్తి గోదాము ఉన్న స్థలం అది. ఒక గోడ నిండా గాజు జాడీలు, ఊరగాయల్లా వరసగా. ఒక్కో జాడీలో ఒక్కో నల్లమనిషిని తెల్లవాళ్ళు గుంపుగా కూడి చంపిన చోట తవ్వి తెచ్చిన మట్టి, పైన పేరు, ఊరు, తేదీ. ఒకదాంట్లో ఎర్రమట్టి, పక్కదాంట్లో నల్లది, ఇంకోదాంట్లో ఉత్త ఇసుక. పాప వాటి ముందు నుంచి ఎంతకీ కదల్లేదు.

స్మారకం 2018లో తెరిచారు. 1877 నుంచి 1950 దాకా అలా చంపేసిన 4,400 మందికి పైగా మనుషుల కోసం కట్టింది. కౌంటీకొకటి చొప్పున 800కి పైగా తుప్పు రంగు ఇనప దిమ్మెలు. మొదట మన ఎత్తులోనే ఉంటాయి, నడుస్తున్నకొద్దీ నేల కిందికి దిగిపోతుంది, చూసేసరికి అవి తల మీద వేలాడుతుంటాయి. గోడల మీద చిన్న పలకలు: 1940లో లువర్న్ ఊళ్ళో జెస్సీ థార్న్‌టన్ అనే ఆయన్ని ఒక పోలీసుని "మిస్టర్" అని పిలవనందుకు చంపేశారట.

అది చదివాక నేను అలబామాని మర్చిపోయాను. మాది చీరాల దగ్గర. కారంచేడు మీదుగా పర్చూరు బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆ కారంచేడులోనే మంచినీళ్ళ చెరువులో గేదెల కుడితి పోస్తుంటే ఇదేంటని అడిగినందుకు మొదలైన గొడవ, 1985 జూలై 17న ఆరుగురు దళితుల్ని చంపేదాకా వెళ్ళింది. మా ఇంట్లో ఆ మాట వస్తే గొంతు తగ్గించేవాళ్ళు. పాపకి ఆ రోజు అక్కడ బెంచీ మీద కూర్చుని చెప్పాను, మొదటిసారి.

హోటల్ విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. పాతిక డాలర్లు కలిసొస్తాయని హైవే పక్కన తీసుకున్నాం. బుకింగ్ కనపడట్లేదని నలభై నిమిషాలు నిలబెట్టారు, రూంలో ఫ్రిజ్ పనిచెయ్యక ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం పులిసిపోయింది. డౌన్‌టౌన్‌లోనే ఉండండి, చాలావాటికి నడిచి వెళ్ళొచ్చు. మ్యూజియం దగ్గరున్న పానీ జార్జెస్ కిచెన్‌లో తిండి బావుంది. శాకాహారులు ఆకుకూర కదా అని కాలర్డ్ గ్రీన్స్ పెట్టించుకోకండి, ఈ వైపు చాలాచోట్ల అందులో పంది మాంసం వేసి వండుతారు, అడగండి. బెండకాయ వేపుడు మాత్రం మనదే అనిపించింది.

సాయంత్రం కాపిటల్, అంటే రాష్ట్ర అసెంబ్లీ భవనం, మెట్లెక్కాం. బానిసత్వం కోసం విడిపోయిన రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1861లో ప్రమాణం చేసిన చోట నక్షత్రం గుర్తు ఉంది. అక్కణ్ణుంచి చూస్తే కనిపించేది మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా పనిచేసిన చర్చి. జనవరిలో కింగ్ పేరున ఇచ్చే సెలవు, అలబామాలో డేవిస్ పక్షాన యుద్ధం చేసిన జనరల్ లీ పేరున కూడా. ఒకే రోజు, ఇద్దరికీ! మావారు నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

సెల్మాకి యూఎస్ 80 మీద దాదాపు 50 మైళ్ళు. దారిలో లౌన్స్ కౌంటీ మ్యూజియం దగ్గర ఆగండి, ఫ్రీ. 1965 మొదట్లో ఆ కౌంటీ జనంలో నూటికి ఎనభై మంది నల్లవాళ్ళు, ఓటరు లిస్టులో ఒక్కరు లేరు. పేరు రాయించుకున్న కౌలుదార్లని ఆసాములు ఇళ్ళు ఖాళీ చేయిస్తే రెండేళ్ళపైన గుడారాల్లో బతికింది అక్కడే.

ఎడ్మండ్ పెటస్ బ్రిడ్జి మనం అనుకున్నంత పెద్దదేం కాదు. 1965 మార్చి 7న ఓటు కోసం నడిచిన దాదాపు 600 మందిని పోలీసులు చితక్కొట్టింది దీని అవతలే. బ్రిడ్జికి ఉన్న పేరు, ఆ డేవిస్ పక్షాన యుద్ధం చేసిన ఇంకో జనరల్‌ది. ఆ రోజు తల పగిలి, తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడైన జాన్ లూయిస్ కూడా 2015లో ఆ పేరు మార్చొద్దనే రాశారు.

ఊరు మాత్రం మనసు పాడుచేస్తుంది. మూసేసిన షాపులు, 2023 టోర్నడోకి ఎగిరిపోయి ఇంకా వెయ్యని కప్పులు. బ్రిడ్జి దగ్గర ఒక పెద్దాయన కలిశారు, 1965లో ఆయనకి పదకొండేళ్ళట. "ఓటొచ్చింది, 1977లో ఎయిర్‌ఫోర్స్ బేస్ ఎత్తేశారు, దాంతో ఉద్యోగాలూ పోయాయి. అందరూ ఇక్కడ ఫోటో దిగి మాంట్‌గోమరీ వెళ్ళి భోంచేస్తారు" అన్నారు. మేమూ అదే చెయ్యబోతున్నాం! సిగ్గేసి అక్కడే తిన్నాం. భయపడాల్సిందేమీ కనపడలేదు, మంచి బాత్రూమ్ దొరకడమే కష్టం.

మావారు కార్లో లెక్క కట్టారు: ఓటుహక్కు చట్టం 1965 ఆగస్టు 6న, మనలాంటివాళ్ళకి దారి తెరిచిన ఇమిగ్రేషన్ చట్టం అదే ఏడు అక్టోబర్ 3న. అంతకుముందు ఇండియా కోటా ఏడాదికి వంద.

బర్మింగ్‌హామ్‌కి ఒక పూట చాలు. 1963లో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపిన 16వ వీధి చర్చి, ఎదురుగా పార్కు. టూర్ ముందే బుక్ చేసుకోండి.

అన్నట్టు, దానికి ముందు పెల్హమ్‌లో హిందూ గుడికి వెళ్ళాం. అది షెల్బీ కౌంటీ. ఆ ఓటుహక్కు చట్టం కింద అలబామాలాంటి రాష్ట్రాలు ఓటు రూల్స్ మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న ఏర్పాటు 2013లో సుప్రీంకోర్టులో పడిపోయింది ఈ కౌంటీ వేసిన కేసులోనే. పార్కింగ్‌లో ఒక తెలుగు అంకుల్ ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగారు. సెల్మా అన్నాను. "అక్కడెందుకమ్మా? మా షెల్బీకి వచ్చెయ్యండి. స్కూళ్ళు బావుంటాయి, చాలా సేఫ్" అన్నారు. పాప నావైపు చూసింది. నేను పులిహోర పొట్లం విప్పి దాని చేతిలో పెట్టాను.