శ్రీశైలం నడకకు గొంగడి: ఏడు శివరాత్రుల తర్వాత

శ్రీశైలం నడకదారిలో రాత్రి ఆగే పెచ్చెరువు దగ్గర తెల్లవారుజామున తేడా తెలుస్తుంది. ఆరుబయట పడుకున్నవాళ్ల షోలాపూర్ దుప్పట్లు మంచుకు తడిసి ఒంటికి అంటుకుంటాయి. గొంగడి మీద అదే మంచు బొట్లుబొట్లుగా నిలుస్తుంది. లేచి రెండుసార్లు దులిపితే సరి. ఈ ఒక్క గుణం కోసమే వెంకటాపురం నుంచి నల్లమల దారిలో ఏటా దీన్ని మోస్తున్నాను.

గుణమంతా ఉన్నిలో మిగిలిన జిడ్డుదే. అది తెలియక మొదటి గొంగడిని నాలుగో ఏడు వేన్నీళ్లలో సర్ఫు వేసి నానబెట్టి ఉతికాను. ఉన్ని ముద్దకట్టింది, పొడవు జానెడు తగ్గింది, జిడ్డు పోయింది. ఆపైన మంచు లోపలికే దిగేది. తడిసిన ఉన్ని ఒక పూటలో ఆరదు కదా, భీముని కొలను మెట్లెక్కేటప్పుడు ఆ నీళ్ల బరువు కూడా వీపు మీదే. ఇప్పటిది రెండోది. దీన్ని ఉతకను. ఎండలో వేసి కర్రతో కొడతాను, మరకైన చోట చన్నీళ్లతో తుడిచి నీడన ఆరేస్తాను. ఏడాదంతా పెట్టెలోనే మూసి ఉంచితే పురుగు పడుతుంది, నెలకోసారి బయటికి తీయాలి.

కొత్తది అట్టలా ఉందని కంగారుపడకండి. నేసేముందు పడుగుకు చింతగింజల గంజి పెడతారు, ఆ బిరుసు వాడుకలో పోతుంది. గుచ్చుకోవడం మాత్రం పూర్తిగా పోదు. లోపల పాత నూలు పంచె కప్పుకోవాల్సిందే. ఉత్తరేణి గింజలు పట్టాయంటే ఏరడానికి అరగంట.

కిందకీ పైకీ ఇదొక్కటే చాలని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి. చాలదు. ఒంటి బరువుకు ఉన్ని అణిగిపోయి, అందులో గాలి నిలవక, నేల చలి నడుముకెక్కుతుంది. 8 మిల్లీమీటర్ల ఫోమ్ చాపను మూడున్నర అడుగులకు కోసుకుంటే భుజాల నుంచి తుంటి దాకా వస్తుంది, కాళ్ల కింద సంచి పెట్టుకోవచ్చు. గాలి పరుపు జోలికి పోవద్దు, ఒక్క రేగుముల్లు చాలు దానికి.

బరువు రెండు కిలోల పైమాటే. నాగలూటిలోనూ పెచ్చెరువులోనూ రెండు రాత్రులు బయటే పడుకునేవాణ్ణి, మోకాళ్లు ఇంకా బాగున్నవాణ్ణి కాబట్టి నాకు సరిపోయింది. పందిరి కింద ఒక్క రాత్రి గడిపేవాళ్లకు మామూలు దుప్పటి, ఫోమ్ చాప చాలు. ఉగాదికి ఇదే దారిన వచ్చే కన్నడ భక్తులకైతే, ఆ ఎండల్లో, గొంగడి మోయమని నేను చెప్పను.