నాలుగేళ్లు వాడిన సౌండ్ రికార్డర్, ఒక ఫ్రిజ్ మోత

షార్ట్‌ఫిల్ములు మొదలుపెట్టాక కెమెరా మార్చాను, లెన్సులు మార్చాను. మార్చనిది ఈ అరచేతి సైజు సౌండ్ రికార్డర్ ఒక్కటే. కృష్ణానగర్‌లో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఎన్ని బిట్లు, ఎన్ని కిలోహెర్ట్జ్‌లన్నది డబ్బా మీదే ఉంటుంది. నాకు చెప్పాలనున్నది దాని హెడ్‌ఫోన్ జాక్ గురించి.

మొదటి ఏడాది దాని జోలికే పోలేదు. మీటర్ గెంతుతోందంటే సౌండ్ బాగా వస్తున్నట్టే అనుకునేవాణ్ణి. మే నెలలో తణుకులో, అమ్మమ్మ ఆవకాయ కలుపుతూ తాతయ్యను తలుచుకునే సీను పెట్టుకున్నాం. ఫ్యాన్ ఆపించాను, వీధి తలుపు వేయించాను. చెమటలు కారిపోతుంటే నాలుగు నిమిషాలు ఒకే టేకులో తీశాం. అమ్మమ్మకు అది నటన కాదు, మధ్యలో గొంతు పూడుకుపోయింది. రాత్రి ల్యాప్‌టాప్‌లో వింటే మాటల వెనక ఆగకుండా ఒక రొద. వంటింటి మూల ఫ్రిజ్! రోజూ ఉండే మోతే కాబట్టి అక్కడున్న ఏడుగురిలో ఒక్కరి చెవికీ ఆనలేదు.

సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వచ్చింది. మన సినిమాల్లో డబ్బింగ్ మామూలే కదా అని, గదిలో దుప్పట్లు వేలాడదీసి అమ్మమ్మను కూర్చోబెట్టాం. ఫోన్‌లో వీడియో చూపిస్తే ఒకసారి "ఆ మాట నేనెప్పుడన్నానురా?" అంటుంది, ఇంకోసారి "ఆ జాడీలో ఉప్పెక్కువైంది" అంటుంది. పెదాలు కలిసినా గొంతులో ఆ పూడిక లేదు. చివరికి రొదతోనే వదిలాం.

అప్పటినుంచి హెడ్‌ఫోన్ పెట్టుకోకుండా యాక్షన్ చెప్పలేదు. ఫ్రిజ్ ఆపిస్తాను, మళ్లీ వేయడం మరిచిపోకుండా బండి తాళం అందులోనే పెడతాను. సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి అరనిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేస్తాను. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులకు అదే దిక్కు. అసలేమీ లేకుండా వదిలితే స్పీకరు పోయిందేమో అనిపిస్తుంది.

"కెమెరా కంటే ముందు ఇది కొనండి" అని కొత్తలో అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. చేత్తో పట్టుకుంటే వేలు కదిలినా వినబడుతుంది, స్టాండు ఉండాల్సిందే. బొచ్చు తొడుగు వేసినా గోదావరి గట్టు మీద గాలికి చేతులెత్తేసింది. రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోయి ఒక పూట కష్టం పోయింది, ఆ ఫైలు మళ్లీ తెరుచుకోలేదు. నేను ఇంతగా పొగిడిన జాక్ కూడా వదులైంది. పిన్నును వేలితో అదిమిపడితేనే ఎడమ చెవిలో వస్తుంది.

నావి నాలుగ్గోడల మధ్య ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునే కథలు, అవీ ఆదివారాలు తీసేవి. నాకైతే సరిపోయింది. గొడవలు, అరుపులు ఉన్న కథైతే మాత్రం 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (గుసగుసనీ అరుపునీ రెంటినీ చెడకుండా పట్టే రకం) ఒకరోజు అద్దెకు తెచ్చి చూడండి, సౌండ్ లెవెల్ తప్పినా తర్వాత సరిచేసుకోవచ్చు. నేను ఈ వారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి జాక్ వేయించుకోవాలి.