పాత మియాటాకు గాజు కిటికీ గుడ్డ టాప్: రెండేళ్ల వాడకం తరువాత

నా దగ్గరున్న 1990 నాటి మాజ్దా ఎంఎక్స్-5 మియాటాకు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెనక కిటికీ గాజుది కాదు, ప్లాస్టిక్‌ది. నేను కొన్ననాటికే అది కాగిన నూనె రంగుకు తిరిగి, మడత పడిన చోటల్లా తెల్లని గీతలు దేరి ఉంది. రాత్రిపూట వెనక వచ్చే వాహనాల దీపాలు అందులోంచి మసక చుక్కలుగా మాత్రమే కనిపించేవి. వినైల్ టాప్ (మడిచి వెనక్కి పెట్టగల కారు పైకప్పు) కూడా డాలస్ ఎండకు బిరుసెక్కి, సీటు బెల్టుల దగ్గర రెండు మూలలా చిరిగింది. రెండేళ్ల క్రితం దాన్ని విప్పేసి, గాజు కిటికీ కుట్టి ఉన్న నల్లని గుడ్డ టాప్‌ను నేనూ మా బావమరిదీ కలిసి మా గరాజ్‌లో బిగించుకున్నాం. ఆ టాప్ పెట్టిన డబ్బుకు తగినదేనా అని ఇప్పటికి ముగ్గురు మిత్రులు అడిగారు కాబట్టి, వారికి విడివిడిగా చెప్పిన సంగతులన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. లోపాలు కూడా రాయబోతున్నాను, అవి ఒకే ఒక్క టాప్ మీద ఒకే ఒక్కడి అనుభవం.

ఈ కారుకు టాప్ ఎంత ముఖ్యమో తెలియాలంటే, కారు ఎందుకు పుట్టిందో కొంత తెలియాలి. 1960లలో బ్రిటన్‌లో తయారైన చిన్న రోడ్‌స్టర్లు, అంటే టాప్ తీసేయగల రెండు సీట్ల కార్లు, నడపడానికి ఎంత హాయిగా ఉండేవో, వాన పడితే అంత ఇబ్బంది పెట్టేవి. వాటి టాప్ వేయడమే ఒక పని, వేసిన తరువాత కూడా ఒళ్లో నీళ్లు పడడం మరొకటి. మాజ్దా ఇంజనీర్లు ఆ హాయిని ఉంచి ఇబ్బందిని తీసేయాలనుకున్నారు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో బయటపెట్టిన ఈ కారు బరువు టన్నుకు లోపే, ఇంజిను 1.6 లీటర్లు, శక్తి 116 హార్స్‌పవర్, అమెరికాలో మొదటి ధర 13,800 డాలర్లు. ఈ అంకెలు చాలామంది రాశారు కానీ, నన్ను ఈ కారుకు కట్టిపడేసింది మరొకటి: ముందు అద్దం పైన రెండు గొళ్లాలు విప్పి, సీట్లోంచి లేవకుండా ఒక్క చేత్తో టాప్‌ను వెనక్కి తోసేయవచ్చు. 1990లో ఆ వెసులుబాటు దీనికంటే చాలా ఖరీదైన కార్లలో కూడా అరుదు. హిరోషిమాలో తయారైన ఈ కారు పదేళ్లలో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, 2016లో పది లక్షల సంఖ్య దాటింది.

అయితే టాప్‌ను కేవలం కప్పు అనుకోవడం పొరపాటు, ఆ పొరపాటు నేనూ చేశాను. వాన నీరు టాప్ మీది నుంచి జారి వెనక అంచుకు వచ్చినప్పుడు అంతా బయటికి పోదు. కొంత నీరు టాప్‌కూ బాడీకీ మధ్య సందులోకి దిగుతుంది, దిగాలనే అలా కట్టారు. అక్కడ రెయిన్ రైల్ అనే ప్లాస్టిక్ తొట్టె ఒకటి అర్ధచంద్రాకారంలో ఉండి, ఆ నీటిని పట్టి రెండు వైపులా సీటు బెల్టుల గూళ్ల దగ్గరున్న గొట్టాలలోకి వదులుతుంది, ఆ గొట్టాలు వెనక చక్రాలకు కొంచెం ముందు, కారు అడుగున తెరుచుకుంటాయి. మా ఊళ్లో పెంకుటింటికి రెండు వాలులు కలిసే చోట రేకు కాలువ వేసేవారు. పెంకులు ఎంత మంచివైనా ఆ కాలువలో వేపాకులు పేరుకుంటే నడింట్లో కుండ పెట్టుకోవలసిందే. ఇదీ అంతే. ముప్పై అయిదేళ్ల కారులో ఆ ప్లాస్టిక్ తొట్టె ఎక్కడో ఒకచోట పగిలి ఉంటుంది, గొట్టాలలో ఆకులూ దుమ్మూ బురదగా గడ్డకట్టి ఉంటాయి. అప్పుడు పొంగిన నీరు తలుపు కింది సిల్ పెట్టెలోకి దిగి, నెలల తరబడి అక్కడే నిలిచి, రేకును లోపలి నుంచి తింటుంది. బయట రంగు బుడగలా ఉబ్బే నాటికి లోపల మిగిలేది పెద్దగా ఉండదు. పాత మియాటా కొనేవారు వెనక చక్రానికి ముందు, సిల్ ముగిసే చోటును మొదట చూడమనేది ఇందుకే.

ఇంకొక ప్రమాదం ఉంది. నా కారులాంటి తొలినాటి అమెరికన్ మోడళ్లలో ఇంజినును నడిపించే కంప్యూటర్ పెట్టె ప్రయాణికుడి కాళ్ల దగ్గర, కార్పెట్ కిందే ఉంటుంది. కార్పెట్ తడిస్తే చెడేది కార్పెట్ ఒక్కటే కాదన్నమాట. నేను కారు కొన్న తొలి ఏడాది, అద్దాల మీద లోపలి వైపు ఆవిరి ఎందుకు పడుతోందో అర్థం కాక హీటరును అనుమానిస్తూ కూర్చున్నాను. చివరికి కార్పెట్ ఎత్తి చూస్తే కింది స్పాంజి పిండితే నీళ్లు కారే స్థితిలో ఉంది. కాబట్టి ఎవరు టాప్ మార్చినా రెయిన్ రైల్ కూడా కొత్తది వేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. టాప్ విప్పితే తప్ప దాన్ని చేరుకోలేం, ఒకసారి కొత్త టాప్ బిగించాక పాత తొట్టె కోసం మళ్లీ ఎవరూ విప్పరు. కొంతమంది అమ్మకందారులు రెయిన్ రైల్‌ను టాప్‌తో కలపకుండా విడిగా అమ్ముతారు. మొదటి ధర తక్కువగా కనిపించడం వారికి లాభం.

కొనేటప్పుడు మూడు రకాలు చూశాను. ప్లాస్టిక్ కిటికీతో వచ్చే వినైల్ టాప్ అన్నిటికంటే చవక, కారుకు మొదట ఉన్నదీ అదే. గాజు కిటికీతో వినైల్ మధ్యరకం. గాజు కిటికీతో గుడ్డ అన్నిటికంటే ఖరీదు. నేను తీసుకున్న గుడ్డ పేరు స్టేఫాస్ట్, మసాచుసెట్స్‌లోని హార్ట్జ్ కంపెనీ తయారుచేస్తుంది. పైన అక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు పొర, లోపల నూలు కలిసిన అస్తరు. టాప్‌కూ రెయిన్ రైల్‌కూ కలిపి నాకు 640 డాలర్లు అయ్యాయి. బిగించడానికి ఒక దుకాణం దాదాపు అంతే అడిగింది, అందుకే ఆ పని మేమే చేశాం.

పని చెప్పినంత సులువు కాదు, భయపడినంత కష్టమూ కాదు. సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే టాప్ వెనక అంచును పట్టి ఉంచే ఇనుప పట్టీలు కనిపిస్తాయి, వాటి నట్లన్నీ పది మిల్లీమీటర్ల సాకెట్‌కే లొంగుతాయి. ఆ కాలపు జపాన్ కార్ల మీద పనిచేసినవారికి ఆ ఒక్క సాకెట్టే ఎందుకు పోతూ ఉంటుందో తెలుసు. ఇరువైపులా బోల్టులు విప్పాక ఇనుప చట్రంతో సహా టాప్ మొత్తం ఊడివస్తుంది. దాన్ని ఇద్దరూ పట్టుకుని దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టుకోవాలి. అసలు పని అక్కడ మొదలవుతుంది: రబ్బరు పట్టీలు, వాటి కింద రేకు బద్దలు, వాటి కింద రివెట్లు, రివెట్లను డ్రిల్లుతో తొలిస్తే పాత గుడ్డ వస్తుంది. విప్పే ప్రతి దశలోనూ ఫోటోలు తీసుకోవాలి. మేము కుడి వైపు పూర్తిగా విప్పి, ఎడమ వైపును ముట్టుకోకుండా ఉంచాం. కుడి వైపు కొత్తది బిగించేటప్పుడు ఏది ఎక్కడ ఉండాలో ఎడమ వైపు చూసి తెలుసుకున్నాం. టాప్‌తో వచ్చిన సూచనల కాగితం కంటే ఈ పద్ధతే మాకు ఎక్కువ ఉపయోగపడింది. ఆ కాగితంలోని బొమ్మలు ఎన్నిసార్లు జిరాక్సు తీసినవో గానీ, రివెట్ ఏదో నీడ ఏదో తేలలేదు.

శనివారం ఉదయం మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి ముగించాం. చివరి గంట అంతా ముందు గొళ్లాలతోనే పోయింది. కొత్త గుడ్డ ఎంత బిగుతుగా ఉందంటే, గొళ్లెం కొక్కేనికి అందడానికి రెండు వేళ్ల దూరం మిగిలింది. ఇది లోపం కాదు, గుడ్డ సాగాక సరిపోయేలా అలా కుడతారు. కారును ఎండలోకి తోసి కాసేపు ఉంచి, మా బావమరిది బయటి నుంచి టాప్‌ను ముందుకు లాగుతుంటే నేను లోపలి నుంచి గొళ్లాలు వేశాను. వాటి కొక్కేల పొడవు సర్దుకునే వీలుంది కాబట్టి మొదటి వారం వదులుగా ఉంచి, తరువాత కొద్దికొద్దిగా బిగించాం. చలికాలంలో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు.

ఫలితానికి వస్తే, గాజు కిటికీ గురించి ఎంత చెప్పినా తక్కువే. రాత్రి హైవే మీద వెనక ఏమి వస్తోందో ఇప్పుడు తెలుస్తోంది. ప్లాస్టిక్ కిటికీ ఉన్నప్పుడు టాప్ తెరవడానికి ముందు జిప్ విప్పి, కిటికీని వెనక పరిచి, ఆ తరువాతే మడవాలి. అలా చేయనివారి కిటికీ మడతల్లో పగులుతుంది, చలికాలంలోనైతే ఒక్క మడతకే పగులుతుంది. గాజుతో ఆ తతంగమంతా పోయి, మాజ్దా అనుకున్న ఒంటిచేతి పని మళ్లీ నిజంగా ఒంటిచేతి పని అయింది. గాజు పాత ప్లాస్టిక్ కంటే కొంచెం చిన్నది. అయినా మసకబారిన పెద్ద కిటికీ కంటే స్పష్టమైన చిన్న కిటికీ మేలు. గుడ్డ నలుపు రెండు వేసవుల తరువాత కూడా వెలిసిపోలేదు, లోపల గాలి రొద కొంత తగ్గింది, ఇన్ని వానలలో కార్పెట్ ఒక్కసారి కూడా తడవలేదు. చివరిదాన్ని గుడ్డ కంటే రెయిన్ రైల్ ఖాతాలోనే వేస్తాను.

పోగొట్టుకున్నది కూడా ఉంది, దీన్ని అమ్మేవారు చెప్పరు. పాత టాప్‌లో నెత్తిన నీడ ఉంచుకుని, వెనక కిటికీ జిప్ మాత్రం విప్పితే కారంతా గాలి ఆడేది. జూలైలో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన సాయంత్రాలలో అంతకు మించిన సుఖం ఈ కారులో లేదు. కొత్త టాప్‌లో గాజు కుట్టేసి ఉంటుంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఎండ ఎక్కువగా ఉండే చోట, పగలు మాత్రమే నడిపేవారైతే, ప్లాస్టిక్ కిటికీ వినైల్ టాప్‌ను తక్కువ ధరకు కొని కొన్నేళ్లకొకసారి మార్చుకోవడమే మేలని నేను చెబుతాను. గాజులోని వేడి తీగల కోసం ఎక్కువ డబ్బు ఇవ్వవద్దని కూడా చెబుతాను. వాటికి కరెంటు అందించే వైరింగూ స్విచ్చూ మనమే ఏర్పాటు చేసుకోవాలి. నేను ఈనాటికీ ఆ పని చేయలేదు, ఏడాదికి నాలుగు రోజుల పొగమంచును తువ్వాలుతో తుడుచుకుంటున్నాను.

అసలుతనం కోరుకునేవారు గుడ్డ టాప్‌ను ఒప్పుకోరు. మాజ్దా 2017లో తొలి తరం రోడ్‌స్టర్ల (జపాన్‌లో మియాటా పేరు అదే) పునరుద్ధరణ సేవను ప్రకటించి మరుసటి ఏడాది జపాన్‌లో మొదలుపెట్టినప్పుడు, మళ్లీ తయారుచేసిన భాగాలలో సాఫ్ట్ టాప్, నార్డీ కంపెనీ చెక్క స్టీరింగ్, 14 అంగుళాల చక్రాలకు బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు ఉన్నాయి. ఆ జాబితాలో టాప్ కూడా ఉండడం నాకు ఆశ్చర్యంగా అనిపించలేదు. కారును ప్రదర్శనకు పెట్టాలనుకునేవారు ఆ దారిన వెళ్లాలి. నాది రోజూ ఆఫీసుకు వెళ్లే కారు, దానికి గుడ్డే నప్పుతుంది.

నిర్వహణ పెద్ద భారం కాదు. బ్రష్షులు తిరిగే కార్ వాష్‌కు తీసుకుపోకూడదు, తడి టాప్‌ను మడవకూడదు, ఆరు నెలలకొకసారి తేలికపాటి సబ్బుతో కడిగి, ఆరాక గుడ్డకు నీరు అంటకుండా చేసే స్ప్రే కొట్టాలి, రబ్బరు పట్టీలకు సిలికాన్ గ్రీజు పట్టించాలి. డ్రెయిన్ గొట్టాలలోకి గడ్డి కోసే ట్రిమ్మర్‌కు వాడే మందపాటి నైలాన్ తీగను మెల్లగా దించి, పైనుంచి ఒక చెంబెడు నీళ్లు పోసి, కింద ధార వస్తోందో లేదో చూడాలి. కంప్రెసర్ గాలి మాత్రం వాడవద్దు, గొట్టం పైకొన లోపలే ఊడితే దాన్ని తిరిగి తగిలించడం నరకం.

ఇక నా ఫిర్యాదు ఒకటే మిగిలింది. ముందు అంచున ఎడమ మూలలో గుడ్డను మడిచి అంటించిన జిగురు మొన్నటి వేసవిలో వదిలింది, వేలెడు మేర అంచు పైకి లేచింది. కంపెనీకి ఫోటోలు పంపితే రెండు వారాల తరువాత, ఏ ప్రశ్నా అడగకుండా, ఒక చిన్న జిగురు డబ్బా పంపారు. వారంటీలో టాప్ మారుస్తారేమోనని ఎదురుచూసినవాడికి అది కొంత నిరాశే. ఆ మూలను అంటించి, రాత్రంతా బట్టల క్లిప్పులు పెట్టి ఉంచాను. ఇప్పటికి ఏడు నెలలు, ఇంకా లేవలేదు.